విరిగిన కొవ్వొత్తి: ముందుగా చూడవలసింది వత్తిని

సంపాదకులు గారికి,

మీ పత్రిక చెన్నై అనుబంధంలో గత ఆదివారం ఇంటి చిట్కాల శీర్షిక కింద, విరిగిన కొవ్వొత్తులను ఇంట్లోనే ఎలా బాగు చేసుకోవచ్చో నాలుగు వాక్యాల్లో చెప్పారు. విరిగిన ముక్కల మధ్య త్వరగా ఆరే జిగురు ఒక చుక్క వేసి అదిమి పట్టుకోవాలనీ, తర్వాత ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుందనీ, అప్పటికీ అతకకపోతే ముక్కలన్నీ గిన్నెలో వేసి పొయ్యి మీద కరిగించి మళ్లీ పోసుకోవాలనీ ఆ చిట్కా సారాంశం. ఇందులో జిగురు పని చెయ్యదు, ఫ్రిజ్ చెరుపు చేస్తుంది, పొయ్యి మీద నేరుగా కరిగించడం ప్రమాదకరం. చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అని మీరు అనుకోవచ్చు. కానీ మీ చిట్కాను కత్తిరించి వంటింటి తలుపుకు అంటించుకునే పాఠకులు మా వీధిలోనే ఉన్నారు కనుక, సరైన పద్ధతిని కాస్త వివరంగానే రాయవలసి వస్తోంది.

మాది పెరంబూరులో స్థిరపడిన తెలుగు కతోలిక కుటుంబం. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పండుగలకు కొవ్వొత్తులు కొనడం, పంచడం, మిగిలినవాటిని భద్రపరచడం స్త్రీల సంఘం బాధ్యత. ఆ సంఘంలో ఈ పని చాలా ఏళ్లుగా నా మీదే ఉంది. ప్యారిస్ కార్నర్ బజారు నుంచి కట్టలు కట్టి ఆటోలో తెచ్చేటప్పుడు అడుగున ఉన్నవి విరుగుతాయి. నవంబరు 2న ఆత్మల పండుగకు కీళ్పాక్ సమాధుల తోటకూ కాశిమేడుకూ వెళ్లేవారి సంచుల్లో పూలదండల కింద పడి విరుగుతాయి. వేళాంకణి మాత ఉత్సవాలకు, అంటే ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు, బెసెంట్ నగర్‌కు నడిచి వెళ్లే భక్తుల చేతుల్లోనే ఒరిగి విరుగుతాయి. కొత్తది కొంటే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. ఫిబ్రవరి 2న, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగనాడు, ఆశీర్వదించి ఇచ్చిన కొవ్వొత్తులను మావాళ్లు చెత్తబుట్టలో వెయ్యరు. వాటిని చివరిదాకా వెలిగించాలి, లేదా కాల్చెయ్యాలి, అదీ కుదరకపోతే మట్టిలో పూడ్చాలి. అందుచేత విరిగిన కొవ్వొత్తిని మళ్లీ వెలిగేలా చెయ్యడం మా ఇళ్లలో పిసినారితనం కిందికి రాదు.

బాగు చెయ్యడానికి ముందు కొవ్వొత్తి ఎలా వెలుగుతుందో తెలిసి ఉండాలి. మంటకు ఆహారం వత్తి కాదు, మైనం. జ్వాల వేడికి పైభాగంలో మైనం కరిగి చిన్న మడుగు కడుతుంది. ఆ ద్రవాన్ని నూలు వత్తి పైకి పీల్చుకుంటుంది. వత్తి కొసన అది ఆవిరై మండుతుంది. ఊది ఆర్పిన వెంటనే పైకి లేచే తెల్లటి పొగ మండకుండా మిగిలిన మైనపు ఆవిరే. ఆ పొగకు అగ్గిపుల్ల చూపిస్తే వత్తిని తాకకుండానే మంట తిరిగి అంటుకోవడం పిల్లలు కూడా ఎరుగుదురు. వత్తిలోనూ ఒక విశేషం ఉంది. 1825లో ఫ్రాన్సులో కాంబసెరెస్ అనే ఆయన పేనిన నూలుకు బదులు అల్లిన నూలును వత్తిగా వాడారు. అల్లిక వల్ల వత్తి కొస మంటలో ఒక పక్కకు వంగి, జ్వాల అంచును చేరి అక్కడే కాలిపోతుంది. అంతకుముందు వత్తులు నిటారుగా నిలిచి మసి కట్టేవి, మాటిమాటికీ కత్తిరించవలసి వచ్చేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, విరిగిన కొవ్వొత్తిని చేతిలోకి తీసుకున్నప్పుడు మైనం ఎంత పగిలిందన్నది రెండో ప్రశ్న. ఆ చివర నుంచి ఈ చివర దాకా వత్తి తెగకుండా ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. మీ చిట్కాలో వత్తి ఊసే లేదు.

చాలా సందర్భాల్లో వత్తి తెగదు. మైనం పుటుక్కున విరిగినా నూలు సాగి నిలుస్తుంది. రెండు ముక్కలూ వత్తిని పట్టుకుని వేలాడుతుంటాయి. అలాంటిదాన్ని మెల్లగా విప్పి చూస్తే విరిగిన ముఖం పటికబెల్లం ముక్కలా తెల్లగా, రవ్వరవ్వగా కనిపిస్తుంది. ఆ రవ్వను, రాలిన పొడిని మెత్తటి కుంచెతోనో పొడిబట్టతోనో దులిపెయ్యాలి. నీళ్లతో కడగకూడదు. అతుకులో ఒక్క నీటి చుక్క చిక్కుకున్నా, మంట అక్కడిదాకా దిగివచ్చినప్పుడు చిటపటలాడి వేడి మైనాన్ని చిమ్ముతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. వత్తి సాగి పక్కకు ఉబ్బి ఉంటే సూది మొనతో దాన్ని తిరిగి నడిమికి సర్దాలి. పక్కకు ఒరిగిన వత్తి దగ్గర మంట ఒక వైపు గోడను కరిగించి, మైనాన్ని ధారగా కార్చేస్తుంది.

అతకడానికి కావలసింది పల్చటి పాత స్టీలు కత్తి, వేడినీళ్లు, పొడిగుడ్డ. కత్తిని మరో కొవ్వొత్తి మంట మీద కాల్చవద్దు. దాని మసి అతుకులో నల్లటి గీతగా ఉండిపోతుంది. కాగుతున్న నీళ్లలో ముంచి, తీసి, తుడిచి, కత్తి రేకును రెండు ముఖాల మధ్య వత్తికి ఒక వైపు నుంచి దూర్చాలి. రెండు ముక్కలనూ దానికి తగిలించి పట్టుకుంటే, తెల్లటి రవ్వ పోయి ముఖం తడితడిగా మెరవడం మొదలవుతుంది. ఆ మెరుపు రాగానే కత్తిని లాగి, మళ్లీ వేడి చేసి, వత్తికి రెండో వైపు నుంచి అదే పని చెయ్యాలి. ఆలస్యం చేస్తే మొదటి వైపు గడ్డకడుతుంది కనుక చేతులు చురుగ్గా ఆడాలి. నీళ్లు పొయ్యి మీదే ఉంచుకోవడం మేలు. ఇక రెండు ముఖాలనూ నిటారుగా కలిపి అదిమితే అతుకు చుట్టూ సన్నటి పెదవిలా మైనం బయటికి పొర్లుతుంది. అది పొర్లకపోతే లోపల ఖాళీ మిగిలిందని అర్థం. మైనం మెరుపు తగ్గి మసకబారే దాకా చెయ్యి కదపకూడదు. తిప్పితే వత్తి మెలిపడుతుంది.

తర్వాత వేడి చేసిన చెంచా వీపుతో ఆ పెదవిని చుట్టూ రుద్ది అతుకులోకే సర్దాలి. ఇంకా గీత కనిపిస్తుంటే మరో తెల్ల కొవ్వొత్తిని వెలిగించి, దాని చుక్కలను అతుకు మీద రాల్చి, మళ్లీ చెంచాతో నునుపు చెయ్యాలి. ఆ పైన బటర్ పేపరు మీద పెట్టి అరచేత్తో ముందుకూ వెనక్కూ దొర్లిస్తే నిలువు సరిపోతుంది. ఇవన్నీ చదువుతుంటే పెద్ద పనిలా తోస్తుంది గానీ, చెయ్యి తిరిగినవారికి టీ కాగేలోపు అయిపోతుంది. అతికిన కొవ్వొత్తిని గదిలోనే నిలబెట్టి ఆరనివ్వాలి. ఫ్రిజ్ సలహా తప్పన్నది ఇక్కడే. చల్లబడితే మైనం కుంచించుకుంటుంది. అతుకు పైపొర లోపలి మైనం కంటే ముందు కుంచించుకోవడం వల్ల వెంట్రుకవాసి బీటలు పడతాయి. బాగా చల్లబడిన మైనం పెళుసుగా కూడా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కొవ్వొత్తిని కొవ్వొత్తి స్టాండులో గట్టిగా గుచ్చితే అది అతికిన చోటే కాదు, అతకని చోట కూడా విరగవచ్చు.

ఒకటి కాదు, మూడు నాలుగు చోట్ల విరిగి వత్తికి గుచ్చిన పూసల్లా వేలాడే సన్న కొవ్వొత్తులకు కత్తి పద్ధతి విసుగు పుట్టిస్తుంది. వాటిని నీళ్లు చొరని జిప్ కవరులో పెట్టి, గాలి పిండేసి, చెయ్యి పెట్టి వెంటనే తీసెయ్యాలనిపించేంత వేడి నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచాలి. మామూలు కొవ్వొత్తుల పారఫిన్ మైనం 55, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానికి చాలా ముందే మెత్తబడుతుంది. మెత్తబడగానే కవరులోంచి తీసి, పీట మీద బటర్ పేపరు పరిచి, ముక్కలను ఒకదానికొకటి నొక్కుతూ దొర్లిస్తే బీటలు చాలావరకు మూసుకుపోతాయి. మిగిలిన గీతలకు పైన చెప్పిన చెంచా ఉండనే ఉంది.

మే నెలలో మన చెన్నైలో విరగకుండానే వంగిపోయే కొవ్వొత్తులకూ ఇదే వైద్యం. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున డాబా మీద రేకుల గదిలోనో, కారు డిక్కీలోనో ఉంచిన కొవ్వొత్తి తన బరువుకు తానే వంగుతుంది. దాన్ని చల్లగా ఉన్నప్పుడు నిటారు చెయ్యబోతే విరుగుతుంది. గోరువెచ్చగా చేసి దొర్లిస్తే లొంగుతుంది. స్టియరిక్ ఆమ్లం కలిపిన కొవ్వొత్తులు కాస్త గట్టిగా ఉండి ఎండకు తక్కువగా వంగుతాయి కనుక, వేసవికి నిల్వ ఉంచుకునేవారు కొట్టులో అడిగి తీసుకోవడం మంచిది. నిల్వ చేసేటప్పుడు పడుకోబెట్టి ఉంచాలి, పైన బరువులు పెట్టకూడదు. ఇది అందరికీ తెలిసినదే అయినా, విరిగిన కొవ్వొత్తుల్లో సగం గోడకు ఆనించి నిలబెట్టినవే అని నా అనుమానం.

ఇక జిగురు సంగతి. మైనం జిడ్డుగల పదార్థం. నీళ్లలో కలిసే తెల్ల జిగురు దాని మీద నిలవదు, ఆరాక పొరలా ఊడి వస్తుంది. క్షణాల్లో అతికే జిగురు మొదట పట్టినట్టే ఉంటుంది, కానీ రెండు ఇబ్బందులు తెస్తుంది. వత్తి చుట్టూ గట్టి పొర కట్టి మైనం పైకి ఎక్కకుండా అడ్డుకుంటుంది. మంట అతుకు దగ్గరికి దిగగానే చిన్నబోతుంది. పైగా ఆ జిగురు వేడెక్కితే కళ్లూ ముక్కూ మండించే ఆవిరి వస్తుంది. మూసిన గదిలో, కరెంటు లేని రాత్రి, కొవ్వొత్తికి జానెడు దూరంలో పుస్తకం పెట్టుకుని చదువుకునే పిల్లవాడి ముందు ఆ ఆవిరి ఎందుకు పుట్టించాలి? ఎప్పటికీ వెలిగించని కొవ్వొత్తికైతే లెక్క వేరు. జ్ఞానస్నానం నాటిదనో పెళ్లినాటిదనో అద్దాల బీరువాలో దాచుకునేవాటిని అతకాలంటే, సన్నటి గుండుసూదిని వేడి చేసి, సగం ఒక ముక్కలోకీ సగం రెండో ముక్కలోకీ గుచ్చి, ముఖాలను కరిగించి కలిపితే గట్టిగా నిలుస్తుంది. అందులో సూది ఉందని ఒక చీటీ మీద రాసి అడుగున అంటించండి. మీ తర్వాతివారు తెలియక వెలిగించవచ్చు.

వత్తి తెగిపోయిన కొవ్వొత్తిని మాత్రం అతకబోవడం వృథా ప్రయాస. మైనం ఎంత చక్కగా కలిసినా రెండు వత్తి కొసల మధ్య ఖాళీ ఉంటుంది. మంట పై ముక్కను కాల్చుకుంటూ వచ్చి ఆ ఖాళీ దగ్గర కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. ఆరిపోవడం మంచి సందర్భం. చెడ్డ సందర్భంలో పై కొస వత్తి తేలి పక్కకు వాలి, గోడను కరిగించుకుని కిందికి జారుతుంది. అందుకని దాన్ని రెండు పొట్టి కొవ్వొత్తులుగా వాడుకోవడమే తెలివైన పని. కింది ముక్క పైన మైనాన్ని చాకు మొనతో వత్తి చుట్టూ కొంచెం కొంచెంగా గీకి, అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ వత్తి బయటపడేలా చెయ్యాలి. గీకేటప్పుడు వత్తి నూలు తెగకుండా చూసుకోవాలి; నూలును ఒక్కసారి కరిగిన మైనంలో ముంచి నిటారుగా సాగదీస్తే మొదటిసారే అంటుకుంటుంది. పై ముక్క అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, వేడి పెనానికి ఒక్క క్షణం తాకించి సమం చేసి, పళ్లెంలో రెండు చుక్కల మైనం వేసి నిలబెడితే సరి.

గాజు సీసాల్లో పోసిన సువాసన కొవ్వొత్తుల గురించి ఒక్క ముక్క. మైనం పగిలితే పై నుంచి హెయిర్ డ్రయర్ వేడిగాలి తగిలించి కలపవచ్చు. గాజు పగిలితే మాత్రం అందులో ఇక వెలిగించవద్దు. మైనాన్ని తీసి వేరే గిన్నెలో వాడుకోండి.

మైనాన్ని కరిగించడం గురించి మీ చిట్కా రాసిన తీరు నన్ను నిజంగా కలవరపెట్టింది. పారఫిన్ మైనం ముడిచమురు శుద్ధిలో వచ్చే పదార్థం. మన మణలి రిఫైనరీలో కూడా తయారవుతుంది. కిరోసిన్‌కు దూరపు చుట్టం అనుకుంటే దాని స్వభావం గుర్తుంటుంది. గిన్నెలో వేసి నేరుగా గ్యాసు మీద పెడితే అది పాలలా పొంగి హెచ్చరించదు, నీళ్లలా మరగదు. తేటగా, నిశ్చలంగా ఉంటూనే వేడెక్కిపోతుంది. దాదాపు 200 డిగ్రీలు దాటాక పైన లేచే ఆవిరికి మంట అంటుకునే స్థితి వస్తుంది. పొయ్యి మంట గిన్నె అంచుకు బెత్తెడు దూరంలోనే ఉంటుంది. పొగ కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అంటుకుంటే అందరికీ మొదట తోచేది చెంబుడు నీళ్లు గుమ్మరించడం. అంతకంటే పెద్ద పొరపాటు లేదు. నీళ్లు మైనం కంటే బరువు కనుక అడుక్కి దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరి అవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది కాబట్టి మండుతున్న మైనాన్ని పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, గిన్నె మీద సరిపోయే మూత పెట్టి, చల్లారే దాకా దాన్ని కదపకుండా ఉంచాలి. మూత అందకపోతే వంటసోడా గాని, పొడి ఇసుక గాని వెయ్యవచ్చు. మండుతున్న గిన్నెను పట్టుకుని పెరట్లోకి పరిగెత్తకూడదు. ఈ నాలుగు మాటలు మీ చిట్కాలో ఉండవలసింది.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. వెడల్పాటి తపేలాలో మూడు వేళ్లెత్తు నీళ్లు పోసి, అడుగున ఒక చిన్న స్టాండు పెట్టి, దాని మీద మైనం ముక్కలు వేసిన డబ్బాను ఉంచి సన్నటి సెగ మీద కాచాలి. నీరు 100 డిగ్రీలు దాటదు కనుక మైనం కూడా దాటదు. తపేలాలో నీళ్లు ఇంకిపోకుండా చూస్తూ ఉండాలి, నీటి బొట్లు డబ్బాలో పడనివ్వకూడదు. పిల్లలను వంటింట్లోంచి పంపెయ్యాలి, కొంగు నడుముకు బిగించాలి, ఫోను మోగినా పొయ్యి వదిలి వెళ్లకూడదు. కరిగిన మైనాన్ని పాత పల్చటి గుడ్డలో వడకడితే కాలిన అగ్గిపుల్లలు, వత్తి ముక్కలు, మసి కిందికి రాకుండా ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే కొత్త కొవ్వొత్తి మడుగులో తేలి, అవి కూడా వత్తుల్లా అంటుకుని మంటను పెద్దది చేస్తాయి.

వత్తి విషయంలో మన తెలుగిళ్లలో ఒక పొరపాటు తరచుగా చూస్తుంటాను. దీపారాధనకు చేసుకునే దూది వత్తిని కొవ్వొత్తిలో పెడతారు. నూనెలో అది బాగానే పని చేస్తుంది. మైనంలో మాత్రం లావుగా కాలి, కొసన పుట్టగొడుగులాంటి మసి ముద్ద కట్టి పొగ కక్కుతుంది. మూడు పోగుల గట్టి నూలు దారాన్ని జడలా అల్లి, కరిగిన మైనంలో ముంచి, దానిలోంచి సన్నటి బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, తీసి సాగదీసి ఆరబెట్టిన వత్తి బాగా కాలుతుంది. లోపలి గాలి పోయి మైనం నిండిందనడానికి బుడగలు ఆగడమే గుర్తు. అచ్చుకు స్టీలు గ్లాసు చాలు. లోపల కొబ్బరినూనె చేత్తో పల్చగా రాసి, వత్తిని చీపురుపుల్లకు కట్టి గ్లాసు నడిమిన వేలాడదీసి మైనం పొయ్యాలి. గడ్డకట్టేటప్పుడు మైనం కుంచించుకుని వత్తి చుట్టూ గుంట పడుతుంది. మొదటిసారే నిండుగా పోసి ఊరుకోకుండా, కొంత మైనం మిగుల్చుకుని ఆ గుంటను రెండోసారి నింపాలి. రంగు కోసం పసుపు, కుంకుమ, పిల్లల క్రేయాన్లు వెయ్యవద్దు. వాటి రంగు పొడి మైనంలో కరగదు, వత్తి రంధ్రాలను పూడ్చేస్తుంది, మంట గుడ్డిదవుతుంది.

పని అయ్యాక గిన్నెలు సింకులో వేడినీళ్లతో కడగడం మరో అనర్థం. గొట్టంలోకి దిగిన మైనం కొంత దూరం పోయి చల్లబడి గడ్డకడుతుంది, అపార్టుమెంట్లలో అయితే కింది ఇంటివారితో పేచీ వస్తుంది. గిన్నె వేడిగా ఉండగానే పాత పేపరుతో తుడిచి పేపరును చెత్తలో వెయ్యాలి. చీర మీద పడిన మైనాన్ని గట్టిపడ్డాక గోటితో గీకేసి, గుడ్డకు పైనా కిందా మందపాటి కాగితం పెట్టి ఇస్త్రీ పెట్టె సన్నటి వేడితో రుద్దితే కాగితం పీల్చుకుంటుంది. పట్టు చీరైతే ఇస్త్రీ దుకాణం మనిషికే అప్పగించండి.

మీరు ఈ చిట్కాను వానాకాలం ముందు ప్రచురించడంలో ఉద్దేశం మంచిదే. 2015 డిసెంబరు వరదల్లో, 2016 డిసెంబరు 12న వర్దా తుపాను తర్వాత, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మా ఉత్తర చెన్నై వీధుల్లో కరెంటు లేని రాత్రులు గడిచాయి. కొట్టుల్లో కొవ్వొత్తులు దొరకక, డ్రాయర్లలో పడి ఉన్న విరిగిన ముక్కలు బయటికి వచ్చాయి. అలాంటి రాత్రి ఎవరూ నీళ్ల తపేలా పెట్టి మైనం కాచుకోరు; చేతికి దొరికిన ముక్కను వెలిగిస్తారు. కాబట్టి ఆ రోజుకు పనికొచ్చే సలహా ఇంకా చిన్నది: ముక్కలను అతకకుండా, ఒక్కొక్కదాన్ని లోతైన స్టీలు గిన్నెలో ఇసుక పోసి నిలబెట్టి, కిటికీ తెరలకూ దోమతెరకూ దూరంగా పెట్టి, నిద్రకు ముందు ఆర్పెయ్యాలి. ప్లాస్టిక్ మూతల మీద, టీవీ మీద కొవ్వొత్తులు పెట్టే అలవాటు ఎన్ని ఇళ్లలో ఉందో మీ విలేఖరులు నా కంటే ఎక్కువ చూసి ఉంటారు.

నా మనవి ఇంతే. ఆదివారం అనుబంధంలో అదే పేజీలో, అదే స్థలంలో సవరణ వెయ్యండి. లోపలి పేజీలో మూలన వేస్తే చిట్కాను కత్తిరించి దాచుకున్నవారి కంట పడదు. వత్తి తెగకపోతే వేడి కత్తితో అతకండి, తెగితే రెండుగా వాడండి, మైనాన్ని నీళ్ల తపేలాలో నిలిపిన డబ్బాలో తప్ప కరిగించవద్దు, అంటుకుంటే నీళ్లు పొయ్యవద్దు అని నాలుగు వాక్యాలు వేసినా చాలు, మీ మొదటి చిట్కా కూడా అంతే పొడవుంది. ఆత్మల పండుగకు కొవ్వొత్తులు కొనేవారు అక్టోబరు చివరి వారం నుంచే బజారుకు వెళ్తారు కనుక, సవరణ ఆ లోపు వస్తే మా విచారణలో నోటీసు బోర్డు మీద అంటించే బాధ్యత నేను తీసుకుంటాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై